నెట్ పోయిందా, పేరు దొరకలేదా?

(హబ్సిగూడలోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులన్నీ పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక కూర్చున్న పెద్దవాళ్లకు నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటాను.

రెండు నెలల కిందట మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. మా ఇంట్లో ప్రకటనలనూ మోసపు సైట్లనూ రౌటర్ దగ్గరే ఆపేస్తున్నాం, ఎవరికైనా కావాలంటే పెట్టిస్తాను అని. పదకొండు ఫ్లాట్ల వాళ్లు అడిగారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌కి వెళ్లి రౌటర్లు కొనుక్కొచ్చి, వాటిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాని మీద అడ్‌గార్డ్ హోమ్ అనే ఫిల్టర్ ప్రోగ్రామ్ పెట్టి ఇచ్చాను. ఒక్కో ఇంటికి గంట పట్టింది. అప్పట్నుంచీ నా ఫోన్‌కి వచ్చే మాట ఒకటే: "బాబూ, నెట్ రావట్లేదు." పెట్టి వచ్చాను గానీ, ఆగిపోతే ఎక్కడ చూడాలో, దానికి తాళం ఎలా వెయ్యాలో చెప్పలేదు. ఇంటిల్లిపాదీ ఆధారపడే చోట చెయ్యి పెట్టినవాడికి ఆ బాధ్యత ఉంటుంది. ఈ రోజు చెప్పేదంతా దాని గురించే.

ముందు డీఎన్ఎస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మన గేటు దగ్గర వాచ్‌మన్‌ని తలుచుకోండి. కొరియర్ అబ్బాయి వచ్చి ఫలానావాళ్ల ఇల్లెక్కడ అంటాడు. వాచ్‌మన్ "మూడో అంతస్తు, 304" అంటాడు. పార్సిల్ మోసుకెళ్లడం అతని పని కాదు, నంబరు చెప్పడం వరకే. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు అంకెల చిరునామాలుంటాయి, మనకేమో పేర్లు గుర్తుంటాయి. పేరు అడిగితే అంకె చెప్పేదే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని రూపొందించకముందు అన్ని పేర్లూ ఒకే ఫైల్లో రాసి ఉంచేవారు, ఎవరికి కావాలంటే వాళ్లు ఆ ఫైలు తెచ్చుకునేవారు. ఇక ఫిల్టర్ పెట్టడమంటే మన వాచ్‌మన్‌ చేతికి ఒక జాబితా ఇవ్వడం. ఈ పేర్లు ఎవరైనా అడిగితే "అలాంటివాళ్లు ఇక్కడ లేరు" అని చెప్పమనడం.

కాబట్టి "నెట్ రావట్లేదు" అన్నప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. దారి మూసుకుపోయిందా, పేరు దొరకలేదా? రోడ్డు మీద కేబుల్ తెగితే దారి పోయినట్టు. వాచ్‌మన్ పలకకపోతే దారి బాగానే ఉంటుంది, ఎటు వెళ్లాలో తెలియదు. దీనికి ఒక గుర్తు కూడా ఉంది. ముందే తెరిచి ఉన్న వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, కొత్తగా తెరిచిన సైటు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలా ఉంటే నూటికి తొంభై పాళ్లు పేరు దగ్గరే తేడా అనుకోండి.

లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇంకా సులువు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (ping) అని కొట్టి, పక్కన 8.8.8.8 అని అంకెలు ఇవ్వండి, అది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ చిరునామా. జవాబు వచ్చిందంటే దారి ఉంది. తర్వాత ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కన ఏదైనా సైటు పేరు ఇవ్వండి. ఇక్కడ చాలామంది కింద వచ్చే జవాబు చూస్తారు గానీ పైన వచ్చే రెండు వరుసలు చూడరు. జవాబు చెప్పింది ఎవరో ఆ పైన ఉంటుంది. అక్కడ 192.168.1.1 అనో, మీ రౌటర్‌ది ఏ నంబరైతే అదో కనిపించాలి. వేరే ఏదైనా కనిపిస్తే మీ లాప్‌టాప్ అసలు మన వాచ్‌మన్‌ని అడగడమే లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

జవాబు మూడు రకాలుగా చెడుతుంది. టైమవుట్ అని వస్తే వాచ్‌మన్ కుర్చీలో లేడు, అంటే ఫిల్టర్ ప్రోగ్రామ్ ఆగిపోయింది. 0.0.0.0 అనో, అలాంటి పేరే లేదనో వస్తే జాబితా చూసి ఆపాడు. సర్వర్ ఫెయిల్డ్ అని వస్తే మనవాడు కూర్చునే ఉన్నాడు, పైవాళ్లను, అంటే బయటి పెద్ద డీఎన్ఎస్ సర్వర్లను అడిగాడు, అక్కణ్నుంచి సరైన జవాబు రాలేదు. ఈ మూడో రకం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన కాలనీలో ఎక్కువ ఇళ్లలో జరిగింది ఇదే.

మొన్న మే నెలలో గాలివాన వచ్చి రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది, గుర్తుందా? వచ్చాక మా ఇంట్లో రౌటర్ మీద పచ్చ లైట్లన్నీ వెలిగాయి. ఏ సైటూ తెరుచుకోలేదు. ఆపి వేశాను, మళ్లీ అంతే. చివరికి లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి లాగ్, అంటే ఫిల్టర్ రాసుకునే చిట్టా తెరిస్తే, వరుసగా ఒకటే వాక్యం: సర్టిఫికెట్ గడువు తీరింది లేదా ఇంకా చెల్లుబాటులోకి రాలేదు. సర్టిఫికెట్ అంటే అవతలి సర్వర్ అసలుదేనని చూపే గుర్తింపు పత్రం. పెద్ద పెద్ద సర్వీసుల సర్టిఫికెట్లు అన్నీ ఒకే రాత్రి ఎలా చెడతాయి? అప్పుడు ఆ వరుసల ఎడమ పక్కన ఉన్న తేదీ మీద కన్ను పడింది. మేలో ఉన్నాం కదా, అక్కడ జనవరి అని ఉంది. నేను ఆ రౌటర్‌లో చివరిసారి సెట్టింగు మార్చిన రోజది.

సంగతేమిటంటే, మన ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటికి గడియారం నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైమ్ మర్చిపోతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అయితే లేవగానే తన సెట్టింగుల ఫైళ్లలో అన్నింటికన్నా కొత్తది ఏ తేదీదో చూసి, ప్రస్తుతానికి అదే ఈ రోజు అనుకుంటుంది. తర్వాత నెట్‌లో టైమ్ సర్వర్‌ని అడిగి సరిదిద్దుకుంటుంది. అయితే టైమ్ సర్వర్‌కి ఉన్నది కూడా పేరే. ఆ పేరుకు అంకె కావాలంటే డీఎన్ఎస్ పనిచెయ్యాలి. నేనేమో పైవాళ్లతో మాట్లాడే డీఎన్ఎస్‌ని గుప్తంగా, సర్టిఫికెట్ చూసి మరీ మాట్లాడేలా పెట్టాను. సర్టిఫికెట్ సరిచూడాలంటే సరైన తేదీ కావాలి. తేదీకి డీఎన్ఎస్, డీఎన్ఎస్‌కి తేదీ. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు, తెల్లవార్లూ అక్కడే తిరిగాయి రెండూ.

దీనికి మందు ఒక్క వరుస. అడ్‌గార్డ్ హోమ్‌లో పైసర్వర్ల పెట్టె దగ్గర ఫలానా పేరుకు ఫలానా సర్వర్‌నే అడుగు అని విడిగా రాయొచ్చు. టైమ్ సర్వర్ పేర్లకు మాత్రం మామూలు డీఎన్ఎస్‌ని, గుప్తం లేనిదాన్ని, అంకెలతో రాసి పెట్టాను. ముందు టైమ్ తెచ్చుకుంటుంది, తర్వాత మిగతావన్నీ గుప్తంగా నడుస్తాయి. దాని కింద బూట్‌స్ట్రాప్ అని ఇంకో పెట్టె ఉంటుంది, అందులోనూ అంకెలే ఉండాలి. పైసర్వర్‌కే పేరుంటే, ఆ పేరును కనుక్కోవడానికి ఎవరినో ఒకరిని అడగాలి కదా. ఇవి రెండూ పదకొండు ఇళ్లలోనూ సరిచేసి వచ్చాను. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కూడా కొనుక్కోండి, మన ఎండాకాలానికి అది చాలా అవసరం.

రెండో రకం, అంటే జాబితా చూసి ఆపడం, అమ్మకు తగిలింది. నేను మాదాపూర్‌లో ఆఫీసులో ఉన్నాను. కరెంటు బిల్లుకి అదే చివరి రోజు. డబ్బు కట్టే పేజీ తెల్లగా అయిపోయి తిరుగుతూనే ఉందని ఫోన్ చేసింది. డబ్బు పోయిందేమోనని ఒకటే టెన్షన్. సాయంత్రం వచ్చి లాగ్‌లో ఆ నిమిషం దగ్గర చూస్తే, చెల్లింపు పేజీ తనతో పాటు పిలిచే ఇంకో పేరు ఎర్రగా ఉంది. దాన్నొక జాబితాలో ప్రకటనల సైటుగా రాసేశారు. ఆ ఒక్క పేరును అనుమతించే జాబితాలో పెట్టాను, పేజీ తెరుచుకుంది. అప్పటికి నా దగ్గర పద్నాలుగు బ్లాక్ జాబితాలున్నాయి, ఎన్ని ఎక్కువైతే అంత రక్షణ అనుకున్నాను. ఆ రాత్రే పన్నెండు తీసేశాను. ఉన్న రెండింటితో ప్రకటనలు ఆగుతూనే ఉన్నాయి, అమ్మ బిల్లులూ కట్టుకుంటోంది. జాబితా పెంచేటప్పుడు దాని ఖరీదు ఇంట్లో ఎవరు కడతారో ఆలోచించండి. నెట్ గురించి తెలియనివాళ్లే కడతారు.

ఇంకొకటి, ఇది కాస్త వింతగా ఉంటుంది. మన బ్లాకులోనే ఒకరి ఇంట్లో నిశ్చితార్థం. ఇంటినిండా చుట్టాలు, అందరి చేతుల్లో ఫోన్లు. సాయంత్రానికి నెట్ ఉన్నట్టే ఉండి, ఆగి, మళ్లీ వస్తోంది. వాళ్లింట్లో ఫోన్లన్నీ అడిగేది పాత రౌటర్‌ని, అది అందరి తరఫునా వెళ్లి ఫిల్టర్‌ని అడుగుతోంది. ఫిల్టర్‌కి మాత్రం అడిగేది ఒక్కరే అనిపిస్తుంది. అడ్‌గార్డ్ హోమ్‌లో ఒక్కొక్కరు సెకనుకు 20 ప్రశ్నలే అడగాలని మొదట్నుంచీ ఒక హద్దు పెట్టి ఉంటుంది. పైహోల్ అనే ఇంకో ఫిల్టర్‌లో అయితే నిమిషానికి 1000. హద్దు దాటినవాటికి అడ్‌గార్డ్ హోమ్ జవాబే ఇవ్వదు, ఎర్రగా కూడా చూపించదు. ఆ హద్దు పెంచాలి. దాంతో పాటు డీహెచ్‌సీపీ సెట్టింగులో, అంటే రౌటర్ ఫోన్లకు చిరునామాలు పంచే చోట, ఫిల్టర్ అంకెనే డీఎన్ఎస్‌గా ఇవ్వాలి. అప్పుడు ఏ ఫోన్‌కి ఆ ఫోన్ నేరుగా అడుగుతుంది, లాగ్‌లో కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఇందాక వదిలేసిన సంగతి. వాచ్‌మన్‌ని అడగకుండా వెళ్లిపోయేవాళ్లు. ప్రకటనలు ఆగట్లేదు, ఫిల్టర్ పనిచెయ్యట్లేదు అని ఎవరైనా చెప్తే ముందు ఇక్కడే చూస్తాను.

డీహెచ్‌సీపీలో రెండో డీఎన్ఎస్ పెట్టెలో 8.8.8.8 రాస్తారు, మొదటిది చెడితే పనికొస్తుందని. ఆలోచన మంచిదే, ఫలితం వేరు. ఫోన్లూ కంప్యూటర్లూ రెండోదాన్ని ఆపద్ధర్మానికే దాచుకోవాలన్న నియమం లేదు. ఎప్పుడు ఎవరిని అడగాలనిపిస్తే వాళ్లను అడుగుతాయి. ఒక గేటు దగ్గర జాబితా పట్టుకున్న వాచ్‌మన్, ఇంకో గేటు బార్లా తెరిచి ఉన్నట్టు. ఆ రెండో పెట్టె ఖాళీగా ఉంచండి.

ఇంకా పెద్ద గేటు ఐపీవీ6, అంటే కొత్త రకం అంకెల చిరునామా. పాత రకం చిరునామాకు ఎంత జాగ్రత్తగా ఫిల్టర్ పెట్టినా, నెట్ కంపెనీ పెట్టె కొత్త రకం చిరునామాతో పాటు తన డీఎన్ఎస్‌ని కూడా ఇళ్లలోకి ప్రకటిస్తుంది. ఫోన్ దాన్నే పట్టుకుంటుంది. ఎన్ఎస్‌లుకప్ పైవరుసలో మధ్యమధ్య కోలన్ గుర్తులతో పొడుగాటి చిరునామా కనిపిస్తే, అది మీ రౌటర్‌దేనా కాదా అని సరిచూడండి. కొందరు ఐపీవీ6ని పూర్తిగా ఆపేస్తారు, నేనైతే ఆపొద్దంటాను. రౌటర్ ప్రకటించే డీఎన్ఎస్ మన ఫిల్టర్‌దే అయ్యేలా మార్చుకుంటే చాలు.

కొన్ని టీవీ పెట్టెలు మన మాట వినవు, లోపల 8.8.8.8 అని రాసుకుని వస్తాయి. మామూలు డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే తలుపు 53వ పోర్టు. దాని మీద బయటికి వెళ్లే ప్రశ్న ఏదైనా సరే వెనక్కి తిప్పి మన ఫిల్టర్‌కే పంపమని, రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఒక నియమం రాస్తే అవి దారికొస్తాయి. బ్రౌజర్ల సంగతి వేరు. 2018లో వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అనే పద్ధతిలో డీఎన్ఎస్ ప్రశ్న మామూలు వెబ్ పేజీలాగే 443వ పోర్టు మీద వెళ్తుంది, దాన్ని విడదీసి పట్టుకోవడం కష్టం. ఫైర్‌ఫాక్స్ ఒక మర్యాద పాటిస్తుంది. యూజ్ అప్లికేషన్ డీఎన్ఎస్ డాట్ నెట్ (use-application-dns.net) అనే పేరుకు మన ఫిల్టర్ "లేదు" అంటే, తనంతట తాను ఆ దారి పట్టదు. వాడేవాళ్లే చేత్తో ఆన్ చేసుకుంటే మాత్రం ఆగదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. ఆటోమేటిక్ మీద ఉంటే ఇబ్బంది లేదు. అక్కడ ఎవరైనా ఒక సర్వర్ పేరు రాసి పెట్టుకుని, మనం రౌటర్‌లో ఆ గుప్త ప్రశ్నలు వెళ్లే 853వ పోర్టు మూసేస్తే, ఇంట్లో ఆ ఒక్క ఫోన్‌కే నెట్ ఉండదు. అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు అని ఎవరైనా అంటే మొదట అక్కడ చూడండి. అయితే ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా కావాలని తమ ఫోన్‌లో వేరే డీఎన్ఎస్ పెట్టుకుంటే నేను దాన్ని వెంటపడి మూయను. వాళ్ల ఫోన్, వాళ్ల ఇష్టం. పిల్లలతో కూర్చుని మాట్లాడాలి.

ఇక తాళాల సంగతి. ఒక తమ్ముడు మొన్న అడిగాడు, "అన్నా, ఆఫీసులో ఉన్నప్పుడు కూడా ఇంటి ఫిల్టర్ వాడుకోవాలి, 53వ పోర్టు బయటికి తెరవనా?" అని. దయచేసి తెరవకండి. డీఎన్ఎస్‌కి చిన్న ప్రశ్న అడిగితే పెద్ద జవాబు వస్తుంది. దుర్మార్గులు ఇంకొకరి చిరునామా పెట్టి అడుగుతారు, మీ రౌటర్ ఆ జవాబులన్నీ పాపం ఆ ఇంకొకరి నెత్తిన పోస్తుంది. 2013 మార్చిలో స్పామ్‌హాస్ అనే సంస్థ మీద ఇలా తెరిచి ఉన్న డీఎన్ఎస్ సర్వర్లతోనే సెకనుకు 300 గిగాబిట్ల దాకా దాడి చేశారు. మనది చిన్న కనెక్షన్, బయటి ఐపీ ఎలాగూ నలుగురితో పంచుకున్నదే అనుకోవద్దు. ఐపీవీ6లో ఇంట్లో ప్రతి పరికరానికీ బయటికి కనిపించే చిరునామా ఉండొచ్చు, అక్కడ కాపాడేది ఫైర్‌వాల్ ఒక్కటే. బయట్నుంచి నిజంగా కావాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్, అంటే ఇంటికి గుప్త దారి, పెట్టుకోండి. తాళంచెవి ఉన్న ఫోన్‌కి తప్ప అది ఎవరికీ పలకదు.

రౌటర్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పేజీ కూడా బయటికి కనపడకూడదు. చుట్టాలకిచ్చే గెస్ట్ వైఫై నుంచి కూడా తెరుచుకోకూడదు. బయట్నుంచి సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ ఆఫ్. పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాలి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, డీఎన్ఎస్ మార్చగలిగినవాడు మిమ్మల్ని ఎక్కడికైనా తీసుకుపోగలడు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ సరిగ్గా అదే చేసింది. కంప్యూటర్లలోనే కాకుండా, తేలికపాటి పాస్‌వర్డ్ ఉన్న రౌటర్లలోకి కూడా దూరి డీఎన్ఎస్ మార్చేసేది. 2011 నవంబరులో ఎస్తోనియాలో ఆ ముఠాను పట్టుకునేసరికి నూరుకు పైగా దేశాల్లో 40 లక్షలకు పైగా కంప్యూటర్లు వాళ్ల దొంగ సర్వర్లను అడుగుతున్నాయి. వాటిని ఒక్కసారిగా ఆపితే అంతమందికీ నెట్ పోతుందని, 2012 జూలై 9 దాకా వాటి చోట మంచి సర్వర్లు నడిపించాల్సి వచ్చింది.

ఇంకొక తాళం గురించి చెప్పాలి, అది మనం మన చేతికి వేసుకోవాల్సింది. క్వెరీ లాగ్‌లో ఇంట్లో ఎవరి ఫోన్ ఏ పేరును ఎన్ని గంటలకు అడిగిందో వరుసగా ఉంటుంది. ఏ పేజీ చదివారో ఉండదు, పేరు చాలు. ఒకసారి ఏదో తప్పు వెతుకుతూ అర్ధరాత్రి దాటాక ఉన్న వరుసలు చూస్తుంటే, మా ఇంట్లోవాళ్లు ఎవరికీ చెప్పుకోని బాధ ఒకటి నా కళ్లబడింది. ఏమిటో, ఎవరిదో చెప్పను. పది రోజులు ఆ మనిషి ముఖం చూడలేకపోయాను. వాళ్లు చెప్పుకోవాలనుకున్నప్పుడు చెప్పుకునే హక్కును నేను లాక్కున్నాను. ఆ తర్వాత లాగ్ 24 గంటలకు మించి ఉండకుండా పెట్టాను. క్లయింట్ ఐపీని, అంటే అడిగిన ఫోన్ చిరునామాను దాచే గడి ఒకటి ఉంది, అదీ ఆన్ చేశాను. తప్పు వెతకాల్సి వస్తే అడిగి, వాళ్ల ఎదురుగానే తెరుస్తాను. మీ ఇళ్లలోనూ అలాగే పెట్టాను. ఫిల్టర్ ఉందనీ, అది రాసుకుంటుందనీ ఇంట్లో అందరికీ చెప్పండి, పనమ్మాయి ఫోన్ మీ వైఫైలో ఉంటే ఆమెకు కూడా.

ఇది దేనికి పనికిరాదో కూడా చెప్పి ముగిస్తాను. యూట్యూబ్‌లో వచ్చే ప్రకటనలు ఆగవు, అవి వీడియో వచ్చే చోటు నుంచే వస్తాయి. నిన్న రాత్రి పుట్టిన మోసపు లింకు ఏ జాబితాలోనూ ఉండదు. అలాంటిది నొక్కి డబ్బు పోతే నాకు కాదు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎవరైనా ఏమైనా అడుగుతారా? చెప్పండి పిన్నిగారూ.

ప్రశ్న: ఇవన్నీ నువ్వు చెప్తుంటే బాగానే ఉంది నాయనా. నువ్వు ఊళ్లో లేనప్పుడు ఆగిపోతే నేనేం చెయ్యాలి? మీ బాబాయిగారికి రోజూ ఎనిమిదింటికి మనవరాలితో వీడియో కాల్ ఉండాలి.

మీకు పింగూ వద్దు, లాగూ వద్దు పిన్నిగారూ. మీ ఇంట్లో నెట్ కంపెనీ ఇచ్చిన పాత పెట్టె ఇంకా గోడకే ఉంది కదా, దాని వైఫైని నేను ఆపలేదు. పాస్‌వర్డ్ మార్చి, "ఇల్లు పాతది" అని పేరు పెట్టి ఉంచాను. దానికి ఫిల్టర్ ఉండదు. రౌటర్ మీద అతికించడానికి ఒక కాగితం రాశాను, పెద్దక్షరాలతో, మూడే వరుసలు. ఒకటి, స్విచ్ ఆపి, నిమిషం ఆగి వెయ్యండి, ఐదు నిమిషాలు చూడండి. రెండు, అప్పటికీ రాకపోతే ఫోన్‌లో వైఫై "ఇల్లు పాతది"కి మార్చండి. నెట్ వస్తే తప్పు నా ఫిల్టర్‌ది, వీడియో కాల్ దాంట్లో మాట్లాడేయండి, తర్వాత నాకు చెప్పండి. మూడు, అందులోనూ రాకపోతే తప్పు బయట ఉంది, కేబుల్ అబ్బాయికి ఫోన్ చెయ్యండి, అతని నంబరు కిందే ఉంది. పదకొండు కాగితాలూ ఇదిగో, ఈ కవర్లో ఉన్నాయి. మీది ఇప్పుడే వచ్చి అతికిస్తాను, పదండి.